వాసన పూల మోజు

మా ఆయన శ్యాంసుందర్ పూలు పెంచడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన పెంచేవి గులాబీలో మల్లెలో అయితే నాకు పేచీ ఉండేది కాదు. కోసి దేవుడికి పెట్టి, మిగిలినవి తల్లో పెట్టుకునేదాన్ని. ఈయన పెంచేవి ఆర్కిడ్లు. వాటికి మట్టి అక్కర్లేదు. బొగ్గు ముక్కల్లోనో కొబ్బరి పీచులోనో వేళ్లు దూర్చుకుని గాలిని నమ్ముకుని బతుకుతాయి. వాటిని కోస్తే ఆయన అన్నం మానేస్తాడు. మా నంద్యాలలో చెట్టు కొమ్మ మీద పుట్టే ప్రతి మొక్కనూ బదనిక అంటారు కాబట్టి మా వీధివాళ్లు వీటినీ బదనికలనే అంటారు. "ఏం భ్రమరాంబికమ్మా, మీ ఆయన బదనికలకు నీళ్లు పెట్టల్యాదా ఇంకా?" అని గేటు దగ్గర నిలబడి అడుగుతారు. పెట్టేది ఆయన కాదు, నేనని వాళ్లకూ తెలుసు.

ఏప్రిల్ వస్తే మా ఊళ్లో మనుషులే వాడిపోతారు. అలాంటి ఎండలో మిద్దె మీద గ్రీన్ నెట్ కట్టి, చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీసి, వానలు కురిసే కొండల్లో పుట్టిన మొక్కలను బతికించాలని ఈయన పంతం. బతుకుతాయి కూడా. ఆ మాట ఒప్పుకోవాలి.

ఈ పిచ్చి ఈయనొక్కడికే ఉంటే ఏదో మా ఖర్మ అనుకునేదాన్ని. ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. పాణ్యంలో టీచరుగా పనిచేసే అనిత, బ్యాంకులో పనిచేసే హరీష్, ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి పెట్టుకున్న వెంకటేశ్వర్లు, ఇంకా అలాంటివాళ్లు. రెండు నెలలకోసారి ఒకరింట్లో కలుస్తారు. పూసిన మొక్కను చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొస్తారు. టిఫిన్లు తింటారు, మొక్కల పేర్లు చెప్పుకుంటారు, పోతారు. అందరిలోకీ మా ఆయనే పెద్ద. వయసులోనే కాదు, మాటలో కూడా. ఈయనకు దేని మీద మనసు పడితే ఆరు నెలలు తిరిగేసరికి అందరికీ దాని మీదే మనసు పడుతుంది.

మొదట్లో పెద్ద పెద్ద ఊదారంగు పూల మోజు. ఒక కాడకు పది పూలు పూస్తే పండగే. ఆ తర్వాత చల్లగా ఉంటే తప్ప బతకని తెల్లపూల మోజు వచ్చింది. మా ఇంట్లో ఏసీ పెట్టించినప్పుడు నా సుఖం చూశాడనుకుని వీధంతా చెప్పుకున్నాను. పెట్టించింది ఆ తెల్లపూల గదిలో. మేము వరండాలో ఫ్యాను కింద పడుకున్నాం. అదీ తీరింది. వేళ్లు జడల్లాగా కిందికి దిగే మొక్కలను తీగలకు వేలాడదీసే రోజులు వచ్చాయి. మిద్దె మీద బట్టలారేసుకునే తీగలన్నీ ఆయన పాలయ్యాయి.

ఆ తర్వాత వచ్చిందే అసలైన మోజు. చిట్టిపూలది. పువ్వు ఎంత చిన్నదైతే పెంచేవాడు అంత గొప్పవాడన్నమాట. ఆవగింజంత పువ్వు పూసిందని బేతంచెర్ల నుంచి మనిషి బండేసుకుని వచ్చి, భూతద్దం పెట్టి చూసి, 'ఆహా' అని వెళ్లిపోయేవాడు. ఊదారంగు పూలు పెంచడం నామోషీ అయిపోయింది. హరీష్ ఇంట్లో అలాంటి మొక్క ఒకటి మిగిలి ఉంటే, వీళ్లు వస్తున్నారని తెలిసి మెట్ల కింద దాచిపెట్టాడు. నాకు కనపడింది. పాపం అని ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో మా ఇంట్లో కలిసినప్పుడు మా ఆయన చిట్టిపూల కుండీలన్నీ బల్ల మీద పెట్టి, ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకుపొమ్మన్నాడు.

"ఏందన్నా, ఏమైంది?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"చాలప్పా ఈ చూసేది. కంటికి కనపడేదాన్ని ఎవడైనా చూస్తాడు. పువ్వుకు ప్రాణం వాసన. ఇగ నేను వాసనుండేవే పెంచుతా."

అందరూ, మేం ఇన్నాళ్లూ ఏం తెలుసుకున్నాం అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనిత ఆ మాటను ఫోనులో రాసుకుంది. నేను వంటింట్లో బొరుగులతో ఉగ్గాని కలుపుతూ అంతా విన్నాను. ఆయన మొక్కల మాట ఏదీ నన్ను ఏడిపించలేదు, ఆ ఒక్కటి తప్ప. ఎందుకంటే ఆయనకు కళ్లు పోతున్నాయి. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకు తెలియదు.

అంతకు రెండేళ్ల ముందు మా పేటలో కళ్ల పరీక్షలు పెట్టినప్పుడు చూసిన డాక్టరమ్మ, కంటిలో ప్రెషర్ ఎక్కువుంది, పెద్దాసుపత్రికి పోవాలి అని చెప్పింది. పోయిన చూపు రాదు, మందు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది అని కూడా చెప్పింది. ఈయన తలూపి, వచ్చే దారిలో ఆ చీటీ ఎక్కడో పారేశాడు. మా మామకు కూడా కళ్లు ఇలాగే పోయాయి. ఆయన చివరి ఏళ్లు గోడకు ఆనుకుని కూర్చునే గడిపాడు. అన్నం కలిపి చేతికిచ్చినా అది ఏ కూరో చెప్పమనేవాడు. ఈయన ఆ రోజుల్లో ఆయన దగ్గర కూర్చోలేకపోయేవాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆ భయంతో మందు వేసుకోకపోవడం మాత్రం అర్థం కాదు.

మొదట పక్కన ఉన్నవి కనపడటం మానేశాయి. ఎదురుగా పెట్టిన మంచినీళ్లు తీసుకునేవాడు, పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసును మోచేత్తో పడగొట్టేవాడు. ఎవరైనా పక్కన నిలబడి పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. స్కూటరు అమ్మేసి, నడక ఒంటికి మంచిదన్నాడు. భూతద్దం పువ్వు మీదికి పోయేసరికి పువ్వు ఎక్కడుందో తెలిసేది కాదు. కుడికన్ను దాదాపు పోయిందని నా లెక్క. ఎడమకన్ను గొట్టంలోంచి చూసినట్టు చూస్తుంది.

"కండ్లు చూపించుకుందాం పదయ్యా," అన్నాను ఒకరోజు.

"నా కండ్లకేమైంది? బాగుండాయి."

"బాగుంటే ఆ గోడ మీద ఏముందో చెప్పు."

"ఆసుపత్రి మాటెత్తితే నేను అన్నం తినను."

తినలేదు. రెండు పూటలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో పూట నేనే ఓడిపోయి పళ్లెం పెట్టాను. అరవై దాటిన మనిషిని రెక్క పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకుపోగలమా? పోనీ ఆయన మిత్రులకు చెబుదామా అంటే, ఆ నలుగురిలో ఆయనకున్న మర్యాద ఒక్కటే ఆయన దగ్గర చెక్కు చెదరకుండా మిగిలింది. దాన్ని నా నోటితో తీసెయ్యడం నాకు చేతకాలేదు. కానీ రోజు గడిచిన కొద్దీ ఎడమకన్ను కూడా పోతోందని తెలిసి ఊరుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. పొద్దున్నే ఆయన లేచి కిటికీ వైపు చూసేటప్పుడు నేను చేతిలో పని ఆపి ఆయన మొహమే చూసేదాన్ని.

అందుకని నాకో అలవాటైంది. బయటికి పోయినప్పుడు ఆయనకంటే ఒకడుగు ముందు నడుస్తూ, కనపడ్డవాటినల్లా గట్టిగా తిడతాను. "ఈ మెట్టేంది ఇంత ఎత్తు కట్టినారు?" అంటే అక్కడ మెట్టుందని ఆయనకు తెలుస్తుంది. "దోవలో బండి పెట్టినోనికి బుద్ధుందా?" అంటే ఆయన పక్కకు జరుగుతాడు. భ్రమరాంబికమ్మకు నోరు ఎక్కువైందని ఊళ్లో పేరొచ్చింది. ఆయన మాత్రం ఏమీ అనడు, నా తిట్ల వెంబడి బుద్ధిగా నడుస్తాడు. ఈ విషయం మా ఇద్దరి మధ్య ఎప్పుడూ మాటగా రాలేదు.

ఇక వాళ్ల మోజు సంగతి చూడండి. మా ఆయన వాసన అన్నాడో లేదో, అందరూ ముక్కులకు పని చెప్పారు. హరీష్ చాక్లెట్ వాసనొచ్చే మొక్కను తెప్పించాడు. కొబ్బరి వాసనొచ్చేది ఇంకొకరు. అనిత తెప్పించినది తెల్లవారుజామున తప్ప వాసనివ్వదట. ఆ పిల్ల చీకటితో లేచి, కుండీ ముందు కూర్చుని, వాసన చూసుకుని బడికి పోయేది. వెంకటేశ్వర్లు అయితే తన చిట్టిమొక్కలన్నీ అవుకులో ఉన్న అల్లుడికి ఇచ్చేశాడు. అక్కడవి నెలలోపల ఎండిపోయాయి. "చిన్నపువ్వుల్లో ఏముందక్కా, కంటికి పని తప్ప," అని నాకే చెప్పాడు. కంటి జబ్బు ఒకరికి వస్తే మోజు ఇంతమందికి అంటుకుంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

శివరాత్రి పోయిన తర్వాత ఆదివారం ఆళ్లగడ్డలో వెంకటేశ్వర్లు ఇంట్లో కలిశారు. వాసన పూలు మాత్రమే తేవాలని, వాటిలో మేలైనది ఏదో మా ఆయన చెప్పాలని ముందే అనుకున్నారు. మేము బస్సులో పోయాం. వెంకటేశ్వర్లు ఇంటి పక్కనే శిల్పాలు చెక్కే షెడ్డు. ఉలి చప్పుడు రోజంతా వినపడుతూనే ఉంటుంది. రాతి దుమ్ము ఆకుల మీద పడుతుందని వెంకటేశ్వర్లు పొద్దునా సాయంత్రం మొక్కలన్నీ కడుగుతాడు. ఆ పెరట్లో తడికె నీడ కింద పొడుగాటి బల్ల వేసి కుండీలు వరసగా పెట్టారు. నేను గడపనూ, తడికె గుంజనూ, బల్ల కాలునూ తిట్టుకుంటూ ఆయన్ను బల్ల దాకా చేర్చాను.

మా ఆయన ఒక్కో పువ్వు దగ్గర వంగి, కళ్లు మూసుకుని, నిదానంగా వాసన చూశాడు. వాసన చూసేటప్పుడు కళ్లు మూసుకోవడం ఆయనకు కలిసొచ్చింది. చూస్తున్నవాళ్లు అది పెద్ద విద్య అనుకుని తామూ మూసుకున్నారు.

చివర్న హరీష్ మొక్క ఉంది. ముందురోజే బెంగళూరు నుంచి బస్సులో వచ్చింది. పసుపురంగు పూలు.

"దీనికి వాసన ఉందో లేదో నాకు తెలీదన్నా. అమ్మినోడు ఉందన్నాడు. నువ్వే చెప్పల్ల," అన్నాడు హరీష్.

మా ఆయన వంగాడు. అప్పుడే వెంకటేశ్వర్లు పెళ్లాం నరసింహమ్మ మజ్జిగ గ్లాసుల తట్ట పట్టుకుని వచ్చి ఆయన పక్కన నిలబడింది. పాపం, పెద్దాయన లేస్తే గ్లాసు ఇద్దామని. ఆవిడ తల నిండా మల్లెలూ మరువమూ కలిపి కట్టిన దండ. కళ్లున్నవాడెవడైనా ఓరగా చూసి నవ్వేవాడు. ఆయనకు పక్క కనపడదు.

"ఆహా," అన్నాడు మా ఆయన. "ముందు మరువం. దాని వెనకమాల మల్లె. ఇట్లాంటిది నేను ఇంతవరకు చూల్యాదప్పా. ఇదే మేలైనది."

హరీష్ మొహం వెలిగిపోయింది. వెంకటేశ్వర్లు వంగి చూసి, "అవునన్నా, మరువమే," అన్నాడు. నరసింహమ్మ అక్కడే ఉంది కాబట్టి ఆ మాట అబద్ధమూ కాదు. గ్లాసులు పంచి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అనిత వంగింది. "మరువం సార్. ఆ తర్వాత లైటుగా మల్లె," అంది. ఆమె తర్వాత ఇంకో ఇద్దరు వంగారు. వాళ్లకూ మరువమే వచ్చింది. ఒకాయన అయితే మల్లెలో కూడా ఇది సాయంత్రం మల్లె అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ వాసన పువ్వుది కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అంతలో మా ఆయన ఇంకోసారి ఆస్వాదిద్దామని మళ్లీ వంగాడు. వంగినవాడు లేవలేదు. ఒకసారి పీల్చాడు. ముక్కును ఇంకా దగ్గరికి పెట్టి మళ్లీ పీల్చాడు. ఆ వీపు చూస్తూనే నాకు తెలిసిపోయింది. నరసింహమ్మ ఖాళీ గ్లాసుల కోసం తిరిగొచ్చి ఆయన పక్కగా నడిచింది. ఆయన తల ఆవిడ నడిచిన వైపు తిరిగింది, ఆవిడ పోయిన దాకా తిరిగింది.

"నరసింహమ్మా, నువ్వేనా?" అన్నాడు.

"నేనేన్నా. ఇంకొంచెం మజ్జిగ పోద్దునా?"

ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అందరూ ఇంకేం చెబుతాడో అని ఆయన వైపే చూస్తున్నారు. అప్పటికి ఆయన కావాలంటే ఊరుకోవచ్చు. ఎవరికీ అనుమానం రాలేదు, రాబోదు కూడా. ఆ పువ్వు మరువం పువ్వుగా నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పేరు తెచ్చుకునేది.

"అప్పా, ఈ పువ్వుకు వాసనల్యా," అన్నాడు మా ఆయన. "అది నరసింహమ్మ తల్లో పూల వాసన. ఆయమ్మ నా పక్కనే నిలబడింటే నాకు కనపడల్యా. నాకు పక్కనుండేది ఏదీ కనపడదు. కుడికన్ను ఉత్తదే. అందుకే నేను వాసన పూలు పట్టుకున్న్యా. వేరే ఏమీల్యా."

అనిత చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. హరీష్ తన మొక్కను చూసి, ఆకాశం చూసి, మళ్లీ మొక్కను చూశాడు.

చివరికి వెంకటేశ్వర్లు గొంతు సవరించుకున్నాడు. "నీకు కండ్లు కనపడవు, సరేన్నా. మా ముక్కులకేమొచ్చింది?"

ముందు నవ్వింది మా ఆయనే. ఆ తర్వాత అందరూ నవ్వారు. సాయంత్రం మల్లె అన్నాయన తల దించుకుని మరీ నవ్వాడు. నవ్వు ఆగాక మా ఆయన మొహం వేరేగా మారింది.

"అదేనప్పా నాకు భయమైంది," అన్నాడు. "నేను ఏం చెప్పినా మీరు అవునంటారు. రేపు ఈ కన్ను కూడా పోతుంది. పోయినాక నేను పీచును పట్టుకుని పువ్వంటే, మీరు పువ్వే అంటారు. ఇంతమంది ఉండి నేను ఒక్కన్నే అయిపోతా."

వెంకటేశ్వర్లు కుర్చీ తెచ్చి ఆయన మోకాళ్లకు తగిలేలా పెట్టాడు. "కుర్చీ ఉందన్నా, కూకో," అని మామూలుగా చెప్పాడు. అంత చిన్న మాట ఎవరైనా పైకి అనాలని నేను ఎన్ని నెలలు ఎదురుచూశానో. అనిత తన కారులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతానంది. రేపు పొద్దున్నే నంద్యాలకు వస్తాను, సార్‌ను రెడీ చేయండి అంది.

"ఏమయ్యా, పోతావా?" అన్నాను.

"పోతా," అన్నాడు. "ఏం చెప్తారో అని భయంగా ఉందే. అయినా పోతా."

ఆయన్ను తిట్టడానికి రెండేళ్లుగా కూడబెట్టిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. పక్కన నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. అంతమందిలో అలా చెయ్యి వెయ్యడం మాకు అలవాటు లేదు. ఆయన ఉలిక్కిపడలేదు.

వాళ్లంతా టిఫిన్లకు లోపలికి కదిలారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"ఏమే, ఆ పసుపుపువ్వు ఎట్లుందో చెప్పు," అన్నాడు.

"వాళ్లనడగరాదా? నాకేం తెలుసు నీ బదనికల సంగతి?"

"వాళ్లు బాగుందంటారు. నువ్వు చెప్పు."

నేను బల్ల దగ్గరికి పోయి వంగాను. ముప్పై ఏళ్లు నీళ్లు పోశాను కానీ, ఒక్క పువ్వునూ ఇంత దగ్గరగా చూసింది లేదు. వాటి మీద కోపంతోనే సగం జీవితం గడిచిపోయింది.

"నాలుగు పూలుండాయి," అన్నాను. "మరీ పసుపు కాదు, పండిన నిమ్మకాయ రంగు. రేకుల అంచులు ముడుతలు ముడుతలుగా ఉండాయి. బస్సులో నలిగినట్టుంది, ఒకదానికి ఒక రేక చినిగింది."

"లోపల?"

"లోపల చింతపండు రంగు చుక్కలుండాయి. ఒగటి పెద్దది, ఒగటి చిన్నది. పువ్వు నోట్లో మెత్తగా నూగు మాదిరి ఉంది."

"బాగుందా?"

"హరీష్ పోసిన దుడ్లకు తగినంత బాగల్యా."

ఆయన పకపకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. ఆ తర్వాత చెయ్యి చాచి, గాలిలో వెతికి, నా చీర కొంగు పట్టుకున్నాడు.

"ఇంగా చెప్పు," అన్నాడు.

నేను మళ్లీ వంగాను. కళ్లలో నీళ్లు తిరిగి ఆ పువ్వు నాకూ సరిగ్గా కనపడలేదు. తుడుచుకుని, చూసి, చెప్పాను.